ఎన్నుకునేది ఎవరు, తొలగించేది ఎవరు? రాష్ట్రపతి నుంచి న్యాయమూర్తి వరకు

నల్లబల్ల:
సభ్యులందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తాను. మొన్న తొమ్మిదో తరగతిలో శాసన, కార్యనిర్వాహక, న్యాయ వ్యవస్థల పాఠం చెబుతూ బల్ల మీద మూడు గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఎవరెవరు ఉంటారో రాశాను. అప్పుడు వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "సార్, మా అమ్మానాన్న ఓటు వేసేది ఎంపీకి, ఎమ్మెల్యేకి. మరి ఈ గళ్ళలో ఉన్న మిగతావాళ్ళను ఎవరు ఎన్నుకున్నారు? తప్పు చేస్తే వాళ్ళను ఎవరు దింపుతారు?" అని అడిగింది. మొదటి సగానికి తడబడుతూనే జవాబు చెప్పాను. రెండో సగం దగ్గర గంట కొట్టారు కానీ, కొట్టకపోయినా నా దగ్గర సరైన జవాబు లేదు. పాఠ్యపుస్తకంలో రాష్ట్రపతి ఎన్నిక ఒకచోట, పదవి నుంచి తొలగించే అభిశంసన మరొకచోట, న్యాయమూర్తుల నియామకం ఇంకొకచోట ఉంటాయి తప్ప, ఎన్నుకునేవారిని, దింపేవారిని పక్కపక్కన పెట్టి చెప్పిన పేజీ నాకు కనిపించలేదు. వచ్చే వారం ఆ పిల్లకు జవాబు చెప్పాలి. తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

లెక్కలపద్దు:
మాస్టారూ, రాష్ట్రపతి ఎన్నికతో మొదలుపెడదాం. అందులో లెక్క ఉంది కాబట్టి పిల్లల చేత బల్ల మీదే చేయించవచ్చు.

రాజ్యాంగం 54వ అధికరణం ప్రకారం లోక్‌సభ, రాజ్యసభలకు ఎన్నికైన సభ్యులు, రాష్ట్రాల శాసనసభలకు ఎన్నికైన సభ్యులు కలిసి రాష్ట్రపతిని ఎన్నుకుంటారు. ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభ్యులను 1992లో 70వ సవరణ ద్వారా చేర్చారు. ఎమ్మెల్యే ఓటు విలువ తెలుసుకోవడానికి, ఆ రాష్ట్రం 1971 జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ వెయ్యితో భాగిస్తారు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ భూభాగంలో 1971 జనాభా 2,78,00,586. దాన్ని 175తో, ఆపైన 1000తో భాగిస్తే 158.86 వస్తుంది. సగానికి మించిన భిన్నాన్ని ఒకటిగా తీసుకుంటారు కాబట్టి విలువ 159. తెలంగాణలో 1,57,02,122ను 119తో, ఆపైన 1000తో భాగిస్తే 131.95, అంటే 132. ఉమ్మడి రాష్ట్రంలో 294 మంది ఉన్నప్పుడు ఒక్కొక్కరి విలువ 148 ఉండేది. రాష్ట్రం విడిపోవడంతో ఒకవైపు పెరిగి మరొకవైపు తగ్గిందన్న విషయం పిల్లలు తామే లెక్క చేసి కనిపెడితే మరచిపోరు. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే విలువ 208, సిక్కిం ఎమ్మెల్యే విలువ 7.

ఎంపీ ఓటు లెక్క వేరు. ఎమ్మెల్యేలందరి ఓట్ల మొత్తం విలువను ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తారు. 2022లో ఎమ్మెల్యేల ఓట్ల విలువ 5,43,231, ఎంపీలు 776 మంది. అందువల్ల ఒక్కో ఎంపీ ఓటు 700 అయింది. అంటే దేశంలోని ఎమ్మెల్యేలందరి బరువు, ఎంపీలందరి బరువు ఇంచుమించు సమానంగా తూగుతాయి. రాష్ట్రపతి కేంద్రానికి మాత్రమే కాక రాష్ట్రాలకు కూడా చెందిన వ్యక్తి అన్న ఆలోచన ఈ తూకంలో ఉంది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది కూడా ఇదే.

గోదారిగట్టు:
లెక్క బాగుంది కానీ, నా అభ్యంతరాలు రెండు. యాభై ఏళ్ళు దాటిన జనాభా లెక్కలను పట్టుకుని ఈనాటి ఓటు విలువ కట్టడం ఏ విధంగా న్యాయం? రెండోది, పార్టీలు విప్ (ఇలాగే ఓటు వేయాలన్న ఆదేశం) జారీ చేస్తే ఎమ్మెల్యేలు చెప్పినట్టు వేయవలసిందే కదా, అటువంటప్పుడు ఇంతమందిని పిలిచి ఓటు వేయించడంలో అర్థం ఏమిటి?

అసెంబ్లీ_మెట్లు:
రెండో మాట సరికాదండీ. నేను శాసనసభ సచివాలయంలో పనిచేసి విరమించాను. రాష్ట్రపతి ఎన్నికలో విప్ వర్తించదు. పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు చెప్పేది సభలో జరిగే ఓటింగు గురించి. ఇది సభా కార్యక్రమం కాదు, పైగా రహస్య బ్యాలెట్టు. ఎవరికి వేశారో ఎవరికీ చూపకూడదు.

2017లో జరిగిన పోలింగును దగ్గరగా చూశాను. ఎమ్మెల్యేలకు గులాబి రంగు బ్యాలెట్టు, ఎంపీలకు ఆకుపచ్చది. ఓటరు లోపలికి వెళ్ళేటప్పుడు ఎన్నికల సంఘం పంపిన ఊదారంగు సిరా పెన్ను చేతికిచ్చి, సొంత పెన్ను వాడకూడదని చెప్పేవారు. జేబులో ఖరీదైన పెన్నులు పెట్టుకుని వచ్చిన పెద్ద నాయకులు సైతం వాటిని పక్కనపెట్టి ఆ పెన్ను తీసుకుని లోపలికి వెళ్ళారు. అంతకు ముందు ఏడాది హరియాణా రాజ్యసభ ఎన్నికలో వేరే సిరాతో గుర్తు పెట్టారన్న కారణంగా పలువురు ఎమ్మెల్యేల ఓట్లు చెల్లకుండా పోయాయి. అది జరిగాకే పెన్ను విషయంలో ఇంత పట్టుదల వచ్చింది. పేరుకు ఎదురుగా 1, 2 అని అంకెలే వేయాలి, అక్షరాల్లో "ఒకటి" అని రాస్తే ఆ ఓటు చెల్లదు. ఎవరు మొదటి ఎంపిక, ఎవరు రెండో ఎంపిక అన్న ప్రాధాన్య క్రమం ఉంటుంది కాబట్టి మామూలు ఓటింగు యంత్రాలు దీనికి పనికిరావు.

మొదటి మాటకు కూడా జవాబుంది. కుటుంబ నియంత్రణను శ్రద్ధగా అమలుచేసిన రాష్ట్రాల బలం ఆ కారణంగానే తగ్గిపోకూడదని 1976లో 42వ సవరణ 1971 లెక్కలను స్థిరపరిచింది. 2001లో 84వ సవరణ ఆ గడువును 2026 తరువాత జరిగే మొదటి జనగణన వరకు పొడిగించింది. మన రాష్ట్రాలకు ఆ స్థిరీకరణ ఎంత మేలు చేసిందో ఆలోచించండి.

నల్లబల్ల:
ఒక చిన్న సందేహం. ఉపాధ్యాయ నియోజకవర్గంలో నేను ఓటు వేసి పంపిన ఎమ్మెల్సీ కూడా రాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేస్తారా?

లెక్కలపద్దు:
వేయరు మాస్టారూ. శాసనమండలి సభ్యులకు అందులో ఓటు లేదు. రాష్ట్రపతి నామినేట్ చేసిన 12 మంది రాజ్యసభ సభ్యులకు కూడా లేదు.

మీ విద్యార్థిని అడిగిన రెండో సగం ఇక్కడే మొదలవుతుంది. రాష్ట్రపతి రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తే 61వ అధికరణం కింద అభిశంసన జరపవచ్చు. పార్లమెంటులో ఏ సభలోనైనా నాలుగో వంతు సభ్యులు సంతకాలు చేసి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ సభ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఆమోదించాక రెండో సభ విచారణ జరిపి, అంతే బలంతో ఆమోదించాలి. ఇందులో ఎన్నిక సమయంలో ఓటున్న ఎమ్మెల్యేలకు ఏ పాత్రా లేదు, ఎన్నికలో ఓటు లేని నామినేటెడ్ సభ్యులకు మాత్రం ఓటుంది. ఇంతవరకు ఏ రాష్ట్రపతినీ ఇలా తొలగించలేదు.

ఉపరాష్ట్రపతి సంగతి మరోలా ఉంటుంది. ఆ ఎన్నికలో ఎమ్మెల్యేలు ఉండరు, ఉభయ సభల సభ్యులందరూ, నామినేటెడ్ వారితో సహా, ఓటు వేస్తారు. ఒక్కొక్కరి ఓటు విలువ ఒకటే. తొలగింపు తీర్మానం మాత్రం రాజ్యసభలోనే మొదలు కావాలి, లోక్‌సభ దానికి సమ్మతించాలి.

పాతరేడియో:
ప్రాధాన్య ఓటు ఎందుకో పిల్లలకు చెప్పాలంటే 1969 ఎన్నికకు మించిన ఉదాహరణ లేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించి విజేతను తేల్చవలసి వచ్చిన రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే, పోటీపడిన ఇద్దరూ మనవాళ్ళే. జాకీర్ హుసేన్ పదవిలో ఉండగా మే నెలలో మరణించారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి, అప్పటి వరకు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న నీలం సంజీవరెడ్డి. ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేసి స్వతంత్రుడిగా నిలబడిన వ్యక్తి వి.వి. గిరి. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమని ఇందిరా గాంధీ పిలుపునిచ్చింది అప్పుడే. విప్ లేదని పైన అసెంబ్లీ_మెట్లు గారు చెప్పిన మాటకు బలం ఎంతో ఆ ఎన్నికలోనే దేశం చూసింది.

మొదటి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గెలవాలంటే 4,18,169 కావాలి. గిరికి ఇంకా 16,654 తక్కువ. వెనకబడిన అభ్యర్థులను ఒక్కొక్కరిగా తప్పిస్తూ వారి బ్యాలెట్లపై ఉన్న తరువాతి ప్రాధాన్యాన్ని బదిలీ చేశారు. చివరకు గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. బదిలీలో గిరికి చేరింది 18,562 మాత్రమే, సంజీవరెడ్డికి చేరింది 91,879. అంటే ఓడిపోయిన అభ్యర్థుల ఓటర్లలో ఎక్కువమంది సంజీవరెడ్డిని తమ తరువాతి ఎంపికగా రాసుకున్నారు. అయినా గిరి మొదటి నుంచీ ముందున్నందువల్ల కొద్ది ఓట్లతోనే గీత దాటారు. ఈ రెండు వరుసలు బల్ల మీద రాసి పిల్లలనే తీసివేతలు చేయమనండి. ఎనిమిదేళ్ళ తరువాత, 1977లో, అదే సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారని చివర చెప్పండి.

గోదారిగట్టు:
విప్ విషయంలో నా పొరపాటును సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. మరి ప్రధానమంత్రి సంగతేమిటి? ఆయనను లోక్‌సభ ఓటు వేసి ఎన్నుకుంటుందని మా ఊళ్ళో చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

పాతరేడియో:
ఎన్నుకోదు. 75వ అధికరణం ప్రకారం ప్రధానమంత్రిని రాష్ట్రపతి నియమిస్తారు, ప్రధానమంత్రి సలహాపై మిగతా మంత్రులను నియమిస్తారు. లోక్‌సభలో మెజారిటీ కూడగట్టగలవారినే నియమించడం ఆనవాయితీ, అంతే తప్ప ప్రధానిని ఎన్నుకోవడానికని సభలో ఓటింగు జరగదు. ప్రమాణం చేసేనాటికి పార్లమెంటు సభ్యత్వం కూడా తప్పనిసరి కాదు, ఆరు నెలల్లో ఏదో ఒక సభకు ఎన్నికైతే చాలు. పి.వి. నరసింహారావు 1991 సాధారణ ఎన్నికల్లో పోటీయే చేయలేదు. జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసి, నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో అయిదు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు.

ఎన్నుకోని సభకు దింపే అధికారం మాత్రం పూర్తిగా ఉంది. మంత్రిమండలి ఉమ్మడిగా లోక్‌సభకు బాధ్యత వహిస్తుంది, రాజ్యసభకు కాదు. 50 మంది సభ్యులు లేచి నిలబడితే అవిశ్వాస తీర్మానం చర్చకు వస్తుంది, హాజరై ఓటు వేసినవారిలో ఒక్క ఓటు తేడా చాలు. 1999 ఏప్రిల్ 17న మా వీధిలో టీవీ ఉన్న ఇంట్లో ఇరవై మందిమి కింద చాప మీద కూర్చుని చూశాం. అది అవిశ్వాసం కాదు, వాజ్‌పేయి ప్రభుత్వమే రాష్ట్రపతి కోరిక మేరకు పెట్టిన విశ్వాస తీర్మానం. స్పీకర్ స్థానంలో మన కోనసీమకు చెందిన జి.ఎం.సి. బాలయోగి ఉన్నారు. అనుకూలం 269, వ్యతిరేకం 270 అని ఆయన చదివినప్పుడు, అంకెలు తప్పుగా విన్నామేమోనని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పార్టీలకు అతీతంగా ఆ గదిలో ఎవరూ కొంతసేపు మాట్లాడలేదు. ఒక్క ఓటుకు ఉన్న బరువు ఆ రోజు కళ్ళకు కట్టింది. మరో ప్రభుత్వం ఏర్పడలేదు, లోక్‌సభ రద్దయి దేశం మళ్ళీ ఎన్నికలకు వెళ్ళింది.

వకాల్తా:
మూడో గడికి వస్తాను. మూడింటిలోకీ ఎక్కువ వాదం నడిచేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

సుప్రీంకోర్టు న్యాయమూర్తులను రాష్ట్రపతి నియమిస్తారని, భారత ప్రధాన న్యాయమూర్తిని "సంప్రదించాలి" అని 124వ అధికరణం చెబుతుంది. రాజ్యాంగంలో కొలీజియం అన్న పదమే లేదు. సంప్రదించడమంటే అభిప్రాయం అడగడమా, ఆ అభిప్రాయానికి కట్టుబడడమా అన్న ప్రశ్న మీదే నలభై ఏళ్ళ చరిత్ర నడిచింది. 1981లో కోర్టు మొదటి అర్థం చెప్పింది, అంటే చివరిమాట ప్రభుత్వానిది. 1993లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తిరగరాసి ప్రధాన న్యాయమూర్తి మాటకు ప్రాధాన్యం ఇచ్చింది. 1998లో ఆ మాట ఆయన ఒక్కరిది కాదని, నలుగురు సీనియర్ న్యాయమూర్తులతో కలిసి చెప్పాలని తేల్చింది. ఇప్పుడు మనం కొలీజియం అంటున్నది అదే.

2014లో పార్లమెంటు 99వ సవరణ ద్వారా కొలీజియానికి బదులుగా న్యాయ నియామకాల కమిషన్‌ను ఏర్పాటు చేసింది, సగానికి పైగా రాష్ట్రాల శాసనసభలు దాన్ని ఆమోదించాయి. 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒకరు మరొకవైపుగా దాన్ని కొట్టివేసింది. విడిగా నిలిచి సవరణను సమర్థించిన ఆ ఒక్కరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్.

గోదారిగట్టు:
అంటే న్యాయమూర్తులను న్యాయమూర్తులే ఎంచుకుంటున్నారు. ప్రజలు ఎన్నుకున్న ఉభయ సభలు, రాష్ట్రాల శాసనసభలు కలిసి చేసిన సవరణను అయిదుగురు కూర్చుని తీసివేయడం నాకు మింగుడుపడడం లేదు. తలుపులు మూసిన గదిలో జరిగే ఎంపికకు ప్రజల ముందు జవాబుదారీ ఎవరు?

వకాల్తా:
మీ బాధ న్యాయమైనదే, ఆ గది తలుపులు ఇంకా తెరవాలని నేనూ కోరుకుంటాను. కానీ దానికి అవతలి వైపు కూడా చూడండి. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదమూడుమంది ధర్మాసనం ఏడుగురు ఒకవైపు, ఆరుగురు మరొకవైపుగా తీర్పు చెప్పి, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని ప్రకటించింది. ఆ వెంటనే ప్రభుత్వం, తీర్పులో తనకు వ్యతిరేకంగా నిలిచిన ముగ్గురు సీనియర్లను దాటవేసి, వారి కంటే జూనియరైన ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిగా నియమించింది. ఆ ముగ్గురూ రాజీనామా చేశారు. నియామకం ప్రభుత్వం చేతిలోనే ఉంటే ఏం జరగవచ్చో చూసిన తరం రాసిన తీర్పు 1993 నాటిది. ప్రభుత్వమే అతి పెద్ద కక్షిదారుగా నిలబడే కోర్టులో, ఆ ప్రభుత్వమే తీర్పరిని ఎంచుకోవడం నాకు ఇంకా ప్రమాదంగా తోస్తుంది.

తొలగింపు మాత్రం న్యాయమూర్తుల చేతిలో లేదు, పార్లమెంటు చేతిలోనే ఉంది. లోక్‌సభలో 100 మంది లేదా రాజ్యసభలో 50 మంది నోటీసు ఇవ్వాలి. విచారణ సంఘం ఆరోపణ రుజువైందని చెప్పాక, ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఆమోదించాలి. ఈ రెండు షరతుల్లో మొదటిది ఎంత కఠినమో 1993 మేలో జస్టిస్ వి. రామస్వామి విషయంలో తెలిసింది. విచారణ సంఘం పలు ఆరోపణలు రుజువయ్యాయని చెప్పింది. లోక్‌సభలో అనుకూలంగా 196 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ పడలేదు, కానీ 205 మంది ఓటు వేయకుండా ఊరుకున్నారు. మొత్తం సభ్యుల్లో సగం దాటనందున తీర్మానం వీగిపోయింది. ఎవరూ కాదనకపోయినా ఆయన పదవిలో కొనసాగారు.

లెక్కలపద్దు:
రాజ్యసభను మరచిపోతున్నాం. అందులో 233 మందిని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు, 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేస్తారు. పదవీకాలం ఆరేళ్ళు, రెండేళ్ళకోసారి మూడో వంతు విరమిస్తారు కాబట్టి ఆ సభ ఎన్నడూ రద్దు కాదు. ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 స్థానాలు. 175 మంది ఉన్న సభలో మూడు ఖాళీలకు ఎన్నిక జరిగితే, 175ను ఖాళీలకు ఒకటి కలిపి నాలుగుతో భాగించాలి. 43.75 వస్తుంది, కాబట్టి అందరూ ఓటు వేస్తే ఒక్కో అభ్యర్థికి 44 మంది మద్దతు చాలు. సభలో నాలుగో వంతు బలమున్న ప్రతిపక్షం కూడా ఒక స్థానం దక్కించుకోగలిగేది ఈ లెక్క వల్లనే.

అసెంబ్లీ_మెట్లు:
ఒక తేడా జోడిస్తాను. రాష్ట్రపతి ఎన్నికలో ఓటు ఎవరికైనా చూపితే తప్పు. రాజ్యసభ ఎన్నికలో, 2003 చట్ట సవరణ తరువాత, పార్టీ ఎమ్మెల్యే తన బ్యాలెట్టును పెట్టెలో వేసే ముందు సొంత పార్టీ ఏజెంటుకు చూపకపోతే ఓటు చెల్లదు. అదే ఎమ్మెల్యే, అదే భవనం, కానీ నియమం పూర్తిగా తిరగబడుతుంది. డబ్బుకు ఓట్లు అమ్ముడుపోకుండా ఉండాలని ఈ నియమం తెచ్చారు. 2006లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థిస్తూనే, పార్టీ మాట కాదని ఓటు వేసినంత మాత్రాన పదో షెడ్యూలు కింద సభ్యత్వం పోదని చెప్పింది.

నల్లబల్ల:
అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఈ రోజు మూడు గళ్ళు చెరిపేసి రెండు వరుసలు గీశాను, ఎడమవైపు "ఎంచుకునేది", కుడివైపు "దింపేది". భాగహారం పిల్లలే చేశారు, 159 వచ్చినప్పుడు తరగతిలో సందడి అయింది. ప్రధానమంత్రికి ఎదురుగా ఎడమవైపు "రాష్ట్రపతి", కుడివైపు "లోక్‌సభ" అని రాస్తున్నప్పుడు ఆ అమ్మాయి నోటుపుస్తకంలో గీత గీసి రెండుసార్లు సరిచూసుకుంది. తరువాత మళ్ళీ లేచి, "ఆ 12 మంది నామినేటెడ్ సభ్యులను రాష్ట్రపతి పంపిస్తే, వాళ్ళను రాష్ట్రపతే వెనక్కి పిలవవచ్చా సార్?" అని అడిగింది. ఆ కుడి గడి ఖాళీగా వదిలి ఇంటికి వచ్చాను.

వకాల్తా:
పిలవలేరు మాస్టారూ. మంత్రిమండలి సలహాపై రాష్ట్రపతి వారిని నామినేట్ చేస్తారు, కానీ ఒకసారి ప్రమాణం చేశాక ఆరేళ్ళు వారి స్థానం వారిదే. రాజీనామా చేయడమో, అనర్హత పడడమో జరిగితే ఆ స్థానం ఖాళీ అవుతుంది. ఆ అనర్హతల్లో వారికి ప్రత్యేకమైనది ఒకటుంది: సభలో చేరిన ఆరు నెలల లోపు ఏదైనా పార్టీలో చేరవచ్చు, ఆ గడువు దాటాక చేరితే సభ్యత్వం పోతుంది. అందులో నిర్ణయం తీసుకునేది రాజ్యసభ అధ్యక్షస్థానంలో ఉండే ఉపరాష్ట్రపతి. కాబట్టి ఆ కుడి గడిలో రాష్ట్రపతి పేరు రాయకండి, "ఆరు నెలల తరువాత పార్టీలో చేరితే, సభాధ్యక్షుడు" అని రాయండి.